పదిహేను చుక్కల చేను

తాళ్ళకోడు,
భీమవరం దగ్గర.
18 డిసెంబరు 2005

చి. ఇంద్రజకు,
మావయ్య కాశీవిశ్వనాథరాజు ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ వేళకి తింటున్నావనే నమ్ముతున్నాను. ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావని తెలుసు. మా ఫోను హాల్లో ఉంది. మీ అత్తయ్య వంటింట్లోంచి సగం మాట విని, మిగతా సగం తనే కల్పించుకుని, సాయంత్రానికి వీధి వీధంతా చెబుతుంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

మొన్న చెరువు లైసెన్సు కాగితాల పని మీద భీమవరం వెళ్ళాను. మన పల్లంరాజు అక్కడ ఇంటర్‌నెట్ సెంటరు పెట్టాడు కదా, ఆఫీసు తెరిచేదాకా వాడి దగ్గర కూర్చున్నాను. వాడు కంప్యూటర్లో భూగోళం చూపించాడు. గూగుల్ ఎర్తట. తిప్పితే తిరుగుతోంది. దింపుకుంటూ దింపుకుంటూ భీమవరం మీదకి వచ్చి, అక్కణ్ణించి చేల మురుగు పోయే డ్రెయిన్ పట్టుకుని మన ఊరు తీసుకొచ్చాడు. బొమ్మ మసక మసగ్గా ఉంది. ఇళ్ళు తెలియలేదుగాని చేపల చెరువులు పలకలు పేర్చినట్టున్నాయి. మా ఎనిమిదెకరాలూ ఎక్కడో నేనే వేలు పెట్టి చూపించాను. తెర మీద వేలిముద్ర పడిందని పల్లంరాజు విసుక్కున్నాడు.

ఇది ఎప్పుడు తీసిన బొమ్మరా అంటే వాడికి తెలీదు. పాతవి ఉన్నాయా అంటే లేవన్నాడు. నువ్వు హైదరాబాదులో చేసే ఉద్యోగమే ఈ బొమ్మల మీద కదా, అందుకని నిన్నడుగుతున్నాను. 1994 అక్టోబరులో, ఆ పెద్ద వానల్లో, పైనుంచి తీసిన మన ఊరి బొమ్మ దొరుకుతుందా? విమానంలోంచి తీసిందైనా సరే, ఉపగ్రహం తీసిందైనా సరే. నీటి సంఘంలో డ్రెయిన్ గట్టు హద్దు మీద చిన్న తగాదా ఉంది, అందుకోసం.

మీ అమ్మతో ఈ సంగతి అనకు. మా అక్కకి నా మీద ఊరికే బెంగ.

మావయ్య


హైదరాబాదు, అమీర్‌పేట.
2 జనవరి 2006

మావయ్యగారికి,
ఇంద్రజ నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. ఇంటి పేరుతో సహా చేత్తో రాసిన కవరు చూసి మా వాళ్ళంతా మూగారు. పక్క సీటు హర్ష అయితే వాసన కూడా చూశాడు. పొగాకు వాసనొస్తోందన్నాడు. మీరు చుట్ట మానేశారన్న మాట అత్తయ్య ఇంకా నమ్ముతున్నారా?

మీరడిగింది దొరకచ్చు, దొరక్కపోవచ్చు. గూగుల్ ఎర్తులో పాతవి ఉండవు. ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి అతికిన బొమ్మ అది. విమానం ఫొటోలు ప్రభుత్వం దగ్గర ఉంటాయిగాని వాటికి బోలెడు అనుమతులు కావాలి, మన ఇద్దరి వల్లా కాదు. ఉపగ్రహం బొమ్మలు నయం. మన దేశపు ఉపగ్రహాలు తీసినవన్నీ ఒక జాబితాగా నెట్‌లో పెట్టారు. చోటూ తేదీలూ ఇస్తే, ఆ చోటి మీదుగా ఏయే రోజు తీశారో, ఎంత మబ్బు ఉందో, వేలెడంత నమూనాతో సహా చూపిస్తుంది. అందులో మనకి పనికొచ్చేది ఏరుకుని, అసలు బొమ్మ కోసం దరఖాస్తు పెడితే సీడీ ఇస్తారు. ఆ దరఖాస్తులు మా ఆఫీసులో నేను పెట్టేవే.

నాకు రెండు కావాలి. పల్లంరాజుగారి కంప్యూటర్లో మౌసు చేను మీద పెడితే తెర కింద రెండు అంకెలు కనపడతాయి, అవి రాసుకురండి. తర్వాత తేదీ. ఉపగ్రహం రోజూ మన ఊరికి రాదు. ఆ రోజుల్లో పదకొండు రోజులకోసారి వచ్చేది. మీకు కావలసిన రోజు దానికి కుదరాలి కదా.

ఇప్పుడు నా సంగతి. కడియంలో అమ్మా నాన్నా కట్టుకుంటున్న ఇల్లు పైకప్పు దాకా వచ్చింది. రెండే గదులుగాని ముందు వసారా బాగా వచ్చింది. నాన్న నర్సరీలోంచి అప్పుడే ఇరవై కుండీలు తెచ్చి వరస పెట్టేశారు. వైశాఖంలో గృహప్రవేశం. పుట్టింటి బట్టలు రాకుండా పాలు పొంగించనని అమ్మ కూర్చుంది. పుట్టింటి బట్టలంటే పార్సిల్లో కాదట, తమ్ముడి చేత్తోనట. నేను పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తాళ్ళకోడు వదిలి వచ్చేశాం. ఇప్పటిదాకా మీరు మా గడప తొక్కలేదు. ఏటా మామిడిపళ్ళు వస్తాయి, చీర వస్తుంది, మీరు రారు. ఈసారి అమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను.

ఇంద్రజ


తాళ్ళకోడు.
20 జనవరి 2006

చి. ఇంద్రజకు,

పల్లంరాజు సెంటరుకి మళ్ళీ వెళ్ళాను. మేత బస్తా చీటీ వెనకాల అంకెలు రాసుకొచ్చాను. చీటీయే పెడుతున్నాను చూడు. మౌసు కదలకుండా పట్టుకోవడం రొయ్య పిల్లని పట్టుకోవడం లాగే ఉంది. నీకు కావలసినది మా ఎనిమిదెకరాలు కాదు. డ్రెయిన్ వంపు తిరిగే చోటూ, అక్కణ్ణించి కిందికి కోసుదూరంలో ఉప్పుటేరు వైపు ఉన్న మీ అయిదెకరాలూ, ఈ రెండూ బొమ్మలో రావాలి.

తేదీ అక్టోబరు 20. గురువారం. ముందూ వెనకా కాదు, ఆ రోజే కావాలి. అది లేదంటే మిగతావాటితో నాకు పని లేదు. ఉంటే మాత్రం ఎన్ని గంటలకి తీశారో కూడా కనుక్కుని రాయి. పూటల లెక్క కాదు, గంటల లెక్క.

గృహప్రవేశం సంగతి చూద్దాం. వైశాఖంలో ఇక్కడ చేపలు పట్టే రోజులు. లారీలు వస్తాయి, ఐసు వస్తుంది, నేను కదిలితే పని చెడుతుంది. మీ అత్తయ్య చేత బట్టలు పంపుతాను. అక్కకి నువ్వే నచ్చచెప్పు.

మావయ్య


హైదరాబాదు.
8 ఫిబ్రవరి 2006

మావయ్యగారికి,
నమస్కారాలు.

మీరు పంపిన అంకెలు కొడితే మన చేను ఉత్తర ధ్రువం పక్కన మంచు సముద్రంలో తేలింది. ముందు రాయాల్సింది వెనకా, వెనక రాయాల్సింది ముందూ రాశారు. నేనూ హర్షా చాలాసేపు నవ్వుకున్నాం. తిరగేసి కొడితే తిన్నగా తాళ్ళకోడు వచ్చింది.

ఇక నవ్వు ఆపి రాస్తున్నాను. ఆ అక్టోబరులో మన మీదుగా మూడుసార్లు తీశారు. తొమ్మిదో తారీఖున ఒకటి. ముప్పయ్యొకటిన ఒకటి, దాన్నిండా మబ్బే. మధ్యలోది ఇరవయ్యో తారీఖుది. మీ అదృష్టమో ఏమో, మీరడిగిన రోజే. నమూనాలో ముప్పాతిక వంతు మబ్బు. భీమవరం లేదు, నరసాపురం లేదు. డ్రెయిన్ కింద నుంచి ఉప్పుటేరు దాకా మాత్రం మబ్బు విడిపోయి నేల కనపడుతోంది. నమూనాలో ఇంతకంటే ఏమీ తెలియదు. తొమ్మిదిదీ ఇరవైదీ రెండూ కావాలని దరఖాస్తు పెట్టాను. రావడానికి నెల పైనే పడుతుంది.

కానీ మావయ్యా, ఒక మాట అడగాలి. హద్దు తగాదాకి ఏ ఏడాది బొమ్మయినా పనికొస్తుంది. గట్టు హద్దు గంటగంటకీ మారదు. ఇరవయ్యో తారీఖున నేను భీమవరం ఆసుపత్రిలో జ్వరంతో ఉన్నాను. అమ్మా నాన్నా నా మంచం దగ్గరే ఉన్నారు. మర్నాడు ఊరికొచ్చేసరికి మా చేను లేదు. అది మీకూ తెలుసు. ఆ రోజు గంటల లెక్క మీకెందుకు కావాలి?

బొమ్మ వచ్చేలోపు నాకు నిజం రాయండి. లేకపోతే దాంట్లో ఏం వెతకాలో నాకు తెలియదు.

ఇంద్రజ


తాళ్ళకోడు.
21 ఫిబ్రవరి 2006

ఇంద్రజకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పది రోజులు తిరిగాను. ఇంకెవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నువ్వడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఏడాది వారం రోజులు వాన కురిసింది. గురువారం పొద్దున్న తెరిపిచ్చింది. డ్రెయిన్ అంచుదాకా నిండి ఉంది. మా ఎనిమిదెకరాల్లో నడుంలోతు నీళ్ళు, పైరు పొట్ట మీద ఉంది. ఇంకొక్క రోజు నిలిస్తే గింజ దక్కదు. డ్రెయిన్ కాస్త తగ్గితే నా నీళ్ళు దాంట్లోకి లాగుతాయి. అవతల గట్టు తెగితే తగ్గుతుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ పార తీసుకుని వంపు దగ్గరికి వెళ్ళి, ఆ గట్టుకి నేనే గండి కొట్టాను. పన్నెండు దాటింది, ఒంటి గంట కాలేదు.

వంపు దగ్గరే ఎందుకంటే గట్టు అక్కడ పలచగా ఉంది. ఏటా తొలకరిలో, సార్వా వరి ఊడ్పులకి ముందు, డ్రెయిన్ గట్టు మీద ఎవరి వంతు మట్టి వాళ్ళు వేసుకోవాలి కదా. ఆ ముక్క ఆ ఏడు మీ నాన్న వంతు. ఆయన తర్వాత వేద్దామనుకుని వెయ్యలేదు. అది నాకు తెలుసు. తెలిసే అక్కడ కొట్టాను.

నీళ్ళు కిందికి వెళ్ళాయి. మధ్యలో చేలు కాస్త మెరక, రెండ్రోజుల్లో తేరుకున్నాయి. మీ అయిదెకరాలు పల్లం. శుక్రవారం పొద్దున్న చూస్తే అక్కడ చేను లేదు, నీళ్ళే ఉన్నాయి. దారులు మునిగి ముందురోజు అటువైపు ఎవరూ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. ఊళ్ళో అందరూ వెంకటరాజుగారి వంతు గట్టు తెగిందన్నారు. బావగారు అందరి ముందూ తల దించుకుని నిలబడ్డారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

నాలుగు రోజులు అనుకుని జనం మర్చిపోతారనుకున్నాను. ఆర్నెల్లకి మీరు ఊరు వదిలి వెళ్ళారు. మా అక్క పెట్టిన అన్నం ఏ మొహంతో తినను? అందుకే రాలేదు. చేపలూ లారీలూ అన్నీ అబద్ధం.

గండి కొట్టడం ఒక్కడు చూశాడు. లస్కరు సత్తిరాజు, డ్రెయిన్ మీద కాపలా తిరిగేవాడు. అతనూ ఎవరికీ చెప్పలేదు. మొన్న కార్తీకంలో మంచంలో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి పట్టుకుని, "ఆ చేను మీవల్ల పోలేదండి, పొద్దున్నే సముద్రం పోటుకి ఉప్పుటేరు ఎగదన్నిందండి, మీరు పార పట్టకముందే అయ్యగారి చేలో నీళ్ళున్నాయండి" అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరెప్పుడూ అడగలేదు కదండి" అన్నాడు. వారం తిరక్కుండా పోయాడు.

అది నిజమో, పోయేముందు నన్ను ఊరడించడానికి అన్నాడో తెలియదు. మనిషి జాలిపడి చెప్పచ్చు. బొమ్మకి జాలి ఉండదు కదా, అందుకని వెతకమన్నాను. పొద్దున్న తీసిందయితే నాకు తెలుస్తుంది. మధ్యాహ్నం తీసిందయితే తెలియదు.

మావయ్య


హైదరాబాదు.
9 మార్చి 2006

మావయ్యగారికి,

నాకు చాలా కోపంగా ఉంది. దాచుకుని మంచి ఉత్తరం రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

చేను పోయినందుకు కాదు. వానలకి చేలు పోతూనే ఉంటాయి. నాన్న సంగతి మీకు తెలియదు. పంట పోయి చితికిపోయి ఊరు వదిలారని మీరనుకుంటున్నారు. కాదు. తన బద్ధకం వల్ల గట్టు తెగిందనీ, పదిమంది చేలల్లోకి నీళ్ళు తనే వదిలాననీ నమ్మి వదిలారు. అమ్మ ఎన్నిసార్లు అడిగిందో, ఎకరమో రెండెకరాలో కౌలుకి చేద్దామని. "నాకు సేద్యం వద్దు. నా పక్కన చేను ఉన్నవాడికి నిద్ర పట్టదు" అనేవారు. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టే చిన్న బోదెలుంటాయి చూడండి, చినుకు పడితే చాలు వెళ్ళి వాటి గట్లకి మట్టి ఎత్తుతారు. అక్కర్లేదని ఓనరు చెప్పినా వినరు. కడియం కాలవ పక్కన వరి చేలు వస్తే అటు చూడకుండా సైకిలు తొక్కుకుంటూ పోతారు. చిన్నప్పుడు నేను వెనక కూర్చుని ఎందుకని అడిగేదాన్ని.

మీరు ఒక్క మాట చెప్పి ఉంటే ఇదేమీ ఉండేది కాదు.

బొమ్మలు ఇంకా రాలేదు. వచ్చాక అందులో ఏముంటే అదే రాస్తాను. మీ కోసం దాచను, మీ మీద కోపంతో పెంచనూ పెంచను. ఎన్ని గంటలకి తీశారో సీడీతో పాటే వస్తుంది.

ఇంద్రజ


తాళ్ళకోడు.
16 మార్చి 2006

ఇంద్రజకు,

బావగారు అలా అనుకుంటున్నారని నాకు నిజంగా తెలియదు. తెలియకపోవడం గొప్ప సంగతేం కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మీ ఇంటికి వచ్చి ఉంటే తెలిసేది.

నీ ఉత్తరం చదివాక బొమ్మ కోసం ఆగడం నాకే అసహ్యంగా తోచింది. అది నన్ను వదిలేస్తే అప్పుడు మంచివాడిలా వెళ్ళి చెబుదామని చూస్తున్నాను నేను. ఇవాళ పొద్దున్న బావగారికి ఉత్తరం రాసి పోస్టులో వేశాను. పార, వంపు, వంతు గట్టు, వేళ, అన్నీ రాశాను. సత్తిరాజు చెప్పింది రాయలేదు. అది చెప్పుకుంటే నేను తప్పుకోవడానికి చూస్తున్నట్టు ఉంటుంది.

నిన్న నీటి సంఘం మీటింగులో కూడా లేచి చెప్పాను. పూడిక మీద మాట్లాడుతున్నారు. నేను మధ్యలో లేచి, తొంభై నాలుగులో వంపు గట్టు దానంతటది తెగలేదు, నేను కొట్టాను, వెంకటరాజుగారి తప్పేం లేదు అన్నాను. అప్పుడు బంగార్రాజు, "ఇప్పుడు చెబుతున్నారేంటండి" అన్నాడు. అంతే. మళ్ళీ పూడికలో పడ్డారు. మీ అత్తయ్యకి నేనింటికి చేరేలోపే తెలిసింది. నిన్నటి నుంచీ అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

బొమ్మ ఎలా ఉన్నా నాకు పంపు. అక్క గృహప్రవేశానికి వస్తాను. బావగారు గుమ్మంలోంచి పొమ్మంటే బట్టలు గడప మీద పెట్టి వచ్చేస్తాను.

మావయ్య


హైదరాబాదు.
2 ఏప్రిల్ 2006

ప్రియమైన మావయ్యకి,

కూర్చుని చదవండి. అత్తయ్యని కూడా పిలవండి, ఆవిడ ఇంకా మాట్లాడకపోతే ఇది వినిపించండి.

బొమ్మలు వచ్చాయి. 1994 అక్టోబరు 20న మన ఊరి మీద తీసిన వేళ పొద్దున్న పదిన్నర.

వీటిలో పచ్చటి పైరు ఎర్రగా కనపడుతుంది, నీళ్ళు నల్లగా కనపడతాయి. చూడగానే గాభరా పడకండి. బొమ్మలో ఒక్కో చుక్క ఎకరంలో మూడో వంతు. గట్టు కనపడదు, మనిషి కనపడడు. మా అయిదెకరాలూ పదిహేను చుక్కలు. పాత సర్వే పటం తెచ్చి దాని మీద వేసి, డ్రెయిన్ వంపూ ఉప్పుటేరు మలుపూ సరిపెట్టి, మా పదిహేను చుక్కలూ గీత గీసి విడదీశాను.

తొమ్మిదో తారీఖున పదిహేనూ ఎరుపే. ఇరవయ్యో తారీఖు పొద్దున్న పదిన్నరకి పదమూడు నలుపు.

ఒకటికి నాలుగుసార్లు లెక్కపెట్టాను. బొమ్మ పటం మీద సరిగ్గా కూర్చోదు, ఒక చుక్క అటో ఇటో జరగచ్చు. జరిపి చూశాను. ఎటు జరిపినా పన్నెండుకి తగ్గలేదు. ఎవరి చేనో చెప్పకుండా హర్షకి చూపించి ఇదేంటన్నాను. నీళ్ళు, ఇంకేముంది అన్నాడు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. ఆ నలుపు ఉప్పుటేరు నుంచి మొదలై మధ్యలో తెగకుండా మా చేలోకి వచ్చింది. డ్రెయిన్ వంపుకీ మా చేనుకీ మధ్య కోసుదూరం అంతా ఎర్రగా ఉంది. అంటే ఆ వేళకి వంపు వైపు నుంచి చుక్క నీరు రాలేదు. సత్తిరాజు మిమ్మల్ని ఊరడించలేదు. చూసింది చెప్పాడు. మీరు పార పట్టుకోవడానికి రెండు గంటల ముందే మా చేను పోయింది. మీరు వదిలిన నీళ్ళు మునిగిన చేలోకే వచ్చాయి.

ఇది కనపడ్డప్పుడు ఆఫీసులో ఏడ్చేశాను మావయ్యా. మీ మీద కోపం పోలేదు, సగం పోయింది. మిగతా సగం మీరు గృహప్రవేశానికి వస్తే చూద్దాం. మీరు గండి కొట్టిన మాట నిజం, నాన్న తల దించుకుంటే చూస్తూ నిలబడ్డ మాట నిజం. దాన్ని ఏ ఉపగ్రహమూ చెరపలేదు. కానీ మా చేను మీవల్ల పోలేదు, నాన్న వల్లా పోలేదు. అది చాలనిపిస్తోంది నాకు.

రంగుల్లో అచ్చు తీయించి ఒకటి మీకు పంపుతున్నాను. ఇంకొకటి నాన్నకి పంపాను. మీ ఉత్తరం చేరిందా అని ఆదివారం ఫోన్లో అడిగితే "చేరింది" అన్నారు. ఏమనుకుంటున్నారు అంటే ఎండలు ముదిరాయన్నారు. అమ్మకి ఆయన ఇంకా చెప్పలేదట. ఎందుకని అడిగితే, "మీ మావయ్యే చెబుతాడు" అన్నారు.

మీ ఇంద్రజ


కడియం.
14 మే 2006

చి. ఇంద్రజకు,
మావయ్య ఆశీర్వదించి, చాలా తేలికపడిన మనసుతో రాస్తున్నది.

నువ్వు గృహప్రవేశం అవగానే గౌతమి ఎక్స్‌ప్రెస్సుకి వెళ్ళిపోయావు. నేను ఇక్కడే ఉండిపోయాను. మీ అత్తయ్య కూడా ఉంది, మాట్లాడుతోంది, మానేసిన రోజులవి కూడా కలిపి మాట్లాడుతోంది. నువ్వు చూడని సంగతులు రాయాలి కదా.

మర్నాడు పొద్దున్న వసారాలో అక్క కొబ్బరికాయ చెక్కలు ఏరుతోంది. పక్కన కూర్చుని చెప్పేశాను. చేతిలో చెక్క కింద పెట్టి మొత్తం వింది. "పన్నెండేళ్ళూ మేం చితికిపోయామని, మా ఇంటికి రావడం నామోషీ అనుకుంటున్నావనుకున్నానురా" అంది. "ఆ మాట మీ బావతో కూడా అనలేదు. పుట్టింటి పరువని దాచుకున్నాను" అంది. తర్వాత బాగా ఏడ్చింది, బాగా తిట్టింది. గండి కొట్టినందుకు తక్కువ, నోరు మూసుకున్నందుకు ఎక్కువ. నాకు ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. అక్క నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో.

బావగారు మాత్రం రెండ్రోజులు మర్యాదగా ఉన్నారు. నాకు ఆ మర్యాదకే భయమేసింది. ఇవాళ పొద్దున్న నర్సరీకి రమ్మన్నారు. క్రోటన్ల వరసల మధ్య నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, చొక్కా జేబులోంచి నువ్వు పంపిన బొమ్మ తీశారు. నాలుగు మడతల దగ్గరా నలిగిపోయి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి అడిగారు.

"ఇది వంపు. నా వంతు గట్టు ఇక్కడ. ఇది నా చేను. మధ్యలో ఎర్రగా ఉన్నదంతా పైరేనా బావా?"

"పైరేనండి."

"పొద్దున్న పదిన్నరకి?"

"పదిన్నరకండి."

బోర్లించిన కుండీ మీద కూర్చున్నారు. చాలాసేపు ఆ బొమ్మకేసే చూశారు. "అయితే నా గట్టు నిలబడే ఉంది" అన్నారు. "మట్టి వెయ్యకపోయినా నిలబడే ఉంది. మీరు నరికేదాకా ఉంది." ఆ మాట మళ్ళీ ఇంకోసారి అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను కూడా మొహం అటు తిప్పుకున్నాను.

అప్పుడు కోపం వచ్చింది ఆయనకి. "మీ ఉత్తరం అందిన రోజు మిమ్మల్ని కొడదామని బయల్దేరాను. రావులపాలెం దాకా వచ్చి భీమవరం బస్సు లేక వెనక్కి వచ్చాను" అన్నారు. ఇప్పుడు కొట్టండి అన్నాను. "ఇప్పుడేం కొడతాం, యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి" అన్నారు. బొమ్మ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇంతకీ ఆ గండితో మీ చేనైనా నిలిచిందా?" అని అడిగారు. రెండెకరాలు దక్కిందన్నాను. "పోనీండి, ఆ రెండెకరాలైనా దక్కింది" అన్నారు. ఇంద్రజా, ఆ మాట విని నేనూ పక్క కుండీ మీద కూర్చున్నాను.

లేచాక ఇంటికి కాకుండా కాలవ వైపు తీసుకెళ్ళారు. అక్కడ రెండెకరాలు కౌలుకి ఇస్తామంటున్నారట, సంక్రాంతి ముందు నుంచీ తెలుసట, ఎవరికీ చెప్పలేదట. గట్టు దిగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, నాకూ పెట్టి, ఎలా ఉందన్నారు. బాగుందన్నాను. ఈ సార్వాకి వేస్తానన్నారు. గట్టు కాస్త పలచగా ఉంది, జూన్ రాకముందే ఎత్తించాలి, మీరు నాలుగు రోజులు ఉండి సాయం చెయ్యండి అన్నారు. ఉంటానన్నాను.

విత్తనం దగ్గర పేచీ వచ్చింది. నేను స్వర్ణ అన్నాను. పల్లపు చేలో నీళ్ళు నిలిస్తే స్వర్ణ ఆగదు, మీకేం తెలుసన్నారు. నాకేం తెలుసంటారేంటి, చెరువు తవ్వేదాకా ఏటా అదే వేశానన్నాను. కాలవ గట్టు పొడుగునా అరుచుకుంటూ వచ్చాం. దారిలో సైకిళ్ళవాళ్ళు ఆగి చూశారు. ఇల్లు చేరేసరికి ఆయన మాటే నెగ్గింది. మా కేకలు విని అక్క కంగారుగా గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "వరి గురించేనా?" అంది.

అవునన్నాం.

మావయ్య